మా మండువా ఇంటి మరమ్మతు: సున్నం మేస్త్రి బృందం పని మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. పాత ఇంటిని పాత ఇల్లులాగే ఉంచుకుని బాగుచేయించుకోవాలనుకునేవాళ్ళకి ఈ బృందం పని ఐదుకి నాలుగు నక్షత్రాలు. ఒక్క సున్నం పనికీ పెంకు పనికీ విడిగా మార్కులు వేయమంటే ఐదుకి ఐదూ వేస్తాను, తగ్గించిందంతా బాత్రూమ్ పని వల్లా, ఆలస్యం వల్లా. వీళ్ళకి కంపెనీ పేరు లేదు, బోర్డు లేదు, ఆఫీసు లేదు. పెద్ద మేస్త్రి గారు, ఆయన కొడుకు, ఒక వడ్రంగి, పెంకు నేసేవాళ్ళు ఇద్దరు, సున్నం కలిపే ఆడవాళ్ళు, అంతే బృందం. ఆయన్ని అడగకుండా పేరూ ఫోన్ నంబరూ ఇక్కడ పెట్టడం పద్ధతి కాదు కాబట్టి పెట్టడం లేదు. కానీ ఇలాంటి పని తెలిసినవాళ్ళు మీ వైపు కూడా ఉంటారు, వాళ్ళని ఎలా పోల్చుకోవాలో, ఏ పని అప్పగించవచ్చో, ఏది అప్పగించకూడదో తెలియాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇల్లు అమలాపురానికి దగ్గరలో ఒక పల్లెలో ఉంది. 1930లలో మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి. నడుమ ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ వసారా, బర్మా టేకు స్తంభాలు, మందపాటి ఇటుక గోడలకి డంగు సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) పూత, పైన మంగుళూరు పెంకు. అప్పట్లో కాకినాడ నుంచి రంగూన్‌కి స్టీమర్లు తిరిగేవి, మనవాళ్ళు పనికి అటు వెళ్ళేవాళ్ళు, టేకు ఇటు వచ్చేది, గోదావరి జిల్లాల పాత ఇళ్ళలో బర్మా టేకు అంత ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. 1996 నవంబరు తుఫానుకి మా వంటింటి వైపు పెంకంతా లేచిపోయింది. ఆ హడావిడిలో అక్కడ సిమెంటు రేకులు వేశారు. తర్వాత కొన్నేళ్ళకి గోడల కింది భాగం పొడిపొడిగా రాలుతోందని నడుమెత్తు వరకు సిమెంటు పూత పూయించారు, దాని మీద పుట్టీ, దాని మీద రంగు. స్తంభాలకి మాత్రం పండగ వచ్చినప్పుడల్లా ఎనామిల్ రంగు పడుతూనే ఉంది, గోధుమరంగు మీద ఆకుపచ్చ, ఆకుపచ్చ మీద మళ్ళీ గోధుమరంగు.

అమ్మా నాన్నా ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. ఇది చూపించుకోవడానికి పెట్టుకున్న ఇల్లు కాదు, రోజూ వండుకుని తినే ఇల్లు, మోకాళ్ళ నొప్పులున్న ఇద్దరు పెద్దవాళ్ళు తిరిగే ఇల్లు. అందుకని మాకు అందమూ కావాలి, వానాకాలంలో టెన్షన్ లేకుండా పడుకోవడమూ కావాలి.

మొదట పట్నం నుంచి ఇంటీరియర్స్ వాళ్ళని పిలిచాం. వాళ్ళు లేజర్‌తో కొలతలు తీసుకుని, మండువా మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు వేసి మూసేద్దామనీ, గచ్చు మీద విట్రిఫైడ్ టైల్స్ పరిచేద్దామనీ, పెంకు కనబడకుండా ఫాల్స్ సీలింగ్ కొట్టేద్దామనీ కంప్యూటర్‌లో బొమ్మ గీసి చూపించారు. బొమ్మ బాగానే ఉంది, అందులో మా ఇల్లే లేదు. ఇంకొక కాంట్రాక్టరు దీనికి పెట్టే డబ్బుతో డాబా లేచిపోతుందన్నాడు. ఇద్దరూ వచ్చిన రోజే రేటు చెప్పేశారు.

ఈ మేస్త్రి గారు రేటు చెప్పలేదు. ఇంటి చుట్టూ తిరిగి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, గోడని వేలి కణుపులతో తట్టుకుంటూ నడిచారు. కొన్నిచోట్ల గట్టిగా మోగింది, కొన్నిచోట్ల డొల్లగా వినిపించింది, డొల్లగా ఉన్నచోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. తర్వాత మండువాలో ఒక బిందెడు నీళ్ళు పోయించి, ఆ నీళ్ళు తూములోకి వెళ్ళి పెరట్లో ఎక్కడ తేలతాయో చూడమని కొడుకుని పంపించారు. నీళ్ళు తేలలేదు. “నీళ్ళు ఎటు పోతున్నాయో తెలవకుండా పూత గురించి ఎందుకండీ మాట్లాడుకోవడం” అన్నారు. నాకు ఆయన మీద గురి కుదిరింది అప్పుడే.

తవ్వి చూస్తే తూము మట్టి గొట్టం పడమటి గది కింద పగిలిపోయి ఉంది. ఏళ్ళ తరబడి మండువాలో పడ్డ వాననీళ్ళన్నీ ఆ గోడ పునాదిలోకే ఇంకుతున్నాయన్న మాట. దానికి తోడు వీధిలో సీసీ రోడ్డు వేసినప్పుడల్లా రోడ్డు ఎత్తు పెరిగింది, ఇంట్లోకి నీళ్ళు రాకుండా మేమూ పెరట్లో మట్టి పోయిస్తూ వచ్చాం, ఆ మట్టి గోడకి ఆనుకుని లోపలి గచ్చు కంటే ఎత్తుకి చేరింది. కోనసీమలో అసలే కాస్త తవ్వితే నీళ్ళు, అలాంటి నేలలో తడిమట్టిని గోడకి ఆనించి పెడితే చెమ్మ ఎక్కక ఏమవుతుంది! మొదటి పని తూము మార్చడం, రెండో పని చుట్టూ ఉన్న మట్టి తీసేసి వాలు బయటికి పెట్టడం. ఈ రెండూ అయ్యాకే గోడ ముట్టుకున్నారు. ఫొటోలో కనబడని పనులు ఇవి, ఇంటిని నిలబెట్టింది మాత్రం ఇవే అని నా అభిప్రాయం.

సిమెంటు పూత ఎందుకు తీయాలని నాన్న చాలా వాదించారు, గట్టిగా ఉన్నదాన్ని కొట్టి మెత్తటిది పూయడమేమిటని. కారణం ఇదీ. పాత ఇటుక మెత్తన, సున్నం కూడా మెత్తన, నేలలోంచి ఎక్కిన తడి ఆ రెండింటిలోంచీ మెల్లగా బయటికొచ్చి గాలికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని అంత తేలిగ్గా రానివ్వదు. బయటికి దారి లేక ఆ తడి ఇంకా పైకి పాకుతుంది, దాంతోపాటు వచ్చిన ఉప్పు పూత వెనకాల గడ్డకట్టి ఇటుకని లోపల్నుంచి తినేస్తుంది. మా పడమటి గదిలో సిమెంటు పెచ్చు ఊడదీసినప్పుడు దాని వెనక తెల్లటి ఉప్పు అరచేతి మందాన ఉంది, వేలు పెడితే ఇటుక ఎర్రటి పొడిగా చేతికొచ్చింది. సిమెంటు లేని పైభాగంలో, దాదాపు తొంభై ఏళ్ళ కిందటి సున్నం పూత మాత్రం చాలాచోట్ల చెక్కుచెదరలేదు. అది చూశాక నాన్న ఇంకేమీ మాట్లాడలేదు.

దెబ్బతిన్న ఇటుకలు తీసి, అదే సైజు పాత ఇటుకలు పడగొట్టిన ఇళ్ళ నుంచి తెచ్చి వేశారు. తర్వాత గోడని అలాగే వదిలేశారు. వేసవి అంతా పూత లేని ఇటుక గోడల మధ్యే అమ్మా నాన్నా ఉండాల్సి వచ్చింది, రోజూ ఊడ్చినా ఉప్పు రాలుతూనే ఉండేది. ఇష్టం లేకపోయినా ఇది తప్పదు, గోడ ఆరకుండా ఏ పూత పూసినా నిలవదు.

ఇక సున్నం. నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే. సంచి చింపి నీళ్ళు కలిపి పూసేసే పని కాదు. పెరట్లో గొయ్యి తవ్వి కాల్చిన రాతి సున్నం వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది, ఆ దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు, కళ్ళలో పడితే చూపే పోతుంది, పనివాళ్ళు కూడా కళ్ళద్దాలు పెట్టుకునే చేశారు (మీరు చేయించినా ఇది పట్టుబట్టి అడగండి). అలా విరిసిన సున్నాన్ని జల్లెడ పట్టి, ఎండనివ్వకుండా నీళ్ళ కిందే మాగబెట్టారు. ఎంత మాగితే అంత వెన్నలా అవుతుంది. ఇంకో తొట్టిలో దంచిన కరక్కాయ, బెల్లం కలిపి నానబెట్టారు. ఆ నీళ్ళు పులిసి పెరడంతా అదో ఘాటు వాసన, చుట్టుపక్కలవాళ్ళు ఏం కాస్తున్నారని అడిగేవాళ్ళు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక, గోడ కింది భాగానికైతే ఇసుకలో కొంత తగ్గించి సుర్కీ, అంటే మెత్తగా దంచిన ఇటుక పొడి. సుర్కీ పడితే సున్నం చెమ్మలో కూడా గట్టిపడుతుంది, అందుకే పాత బావులకీ చెరువు తూములకీ అదే వాడేవాళ్ళు. ఇదంతా కరక్కాయ నీళ్ళు పోస్తూ గానుగలో తిప్పాలి. ఎద్దు గానుగ ఇప్పుడెక్కడిది, మోటారుతో తిరిగే చిన్నది ఆయన దగ్గరుంది, అది తెచ్చుకున్నారు. గానుగ లేకుండా పారతో కలిపేస్తామనే మేస్త్రి అయితే నేను ఒప్పుకోను.

పూత రెండు వరసలు, పైన గుల్ల సున్నంతో (నత్తగుల్లలు కాల్చి చేసే సున్నం) సన్నటి మెరుగు పూత. వరసకీ వరసకీ మధ్య రోజుల తరబడి ఆగారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పట్టుకుని మెల్లగా మళ్ళీ రాయిగా మారాలి, తొందరపెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండి పగుళ్ళు వచ్చేస్తాయి. అందుకని ఎండ తగిలే గోడలకి తడి గోనెలు కట్టారు. మెరుగు పూత రోజు పెద్ద మేస్త్రి గారు వేరే ఎవర్నీ గోడ ముట్టుకోనివ్వలేదు. చిన్న తాపీ పట్టుకుని ఒకే చోట రుద్ది రుద్ది, నీళ్ళు చిలకరించి మళ్ళీ రుద్ది, చివర్న నున్నటి గులకరాయితో పాలిష్ పెట్టారు. మా పడకగది గోడకి ఇప్పుడు చెయ్యి ఆనిస్తే చల్లగా, నున్నగా ఉంటుంది, రంగు వేయలేదు, వేయనివ్వలేదు కూడా. మిగతా గదులకి జిగురు, కొంచెం నీలిమందు కలిపిన సున్నమే కొట్టారు. దీని మీద ప్లాస్టిక్ ఎమల్షన్, పుట్టీ లాంటివి పూస్తే ఇంత కష్టమూ వృథా, తడి మళ్ళీ లోపలే ఉండిపోతుంది. రెండో ఏడాది వానలు కూడా దాటాం, పడమటి గదిలో ఉప్పు ఒక మూల కొద్దిగా తేలింది తప్ప ఇంకెక్కడా లేదు. ఆ మూలకి కబురు పెడితే వచ్చి, గీకి, డబ్బు తీసుకోకుండా మళ్ళీ పూసి వెళ్ళారు.

పెంకు పని గురించి. మొత్తం విప్పి తిరగనేశారు. విప్పిన ప్రతి పెంకునీ రెండో పెంకుతో తట్టి, ఖంగున మోగినవి ఒక వైపు, బొంగురుగా పలికినవి ఒక వైపు పేర్చారు. సగానికి పైగా పాతవే మళ్ళీ ఎక్కాయి. తక్కువ పడినవి కొత్తవి కొనకుండా పాత సామాను యార్డులో అదే కొలత పెంకు వెతికి తెచ్చారు, కంపెనీకీ కంపెనీకీ పెంకులో పెంకు కూర్చునే గాడి మారుతుంది, గాడి కలవకపోతే గాలివానకి నీళ్ళు లోపలికి కొడతాయి. మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి ఈ పెంకు కథంతా ఆ గాడి మీదే నడుస్తోంది. చెదపట్టిన రీపర్లు (పెంకు కింద ఆనే సన్నటి చెక్క పట్టీలు) మార్చారు, దూలాలు ఒక్కటీ మార్చలేదు. నాలుగు వైపుల కప్పులూ మండువా వైపు వాలి కలిసే మూలల్లో పాత తుప్పు రేకు తీసి కొత్త దోనెలు పెట్టారు, ఈసారి వెడల్పుగా. ఆకులు పడి అడ్డుకున్నా నీళ్ళు పొర్లి వాసాల మీదికి రాకూడదని ఆ వెడల్పు. వంటింటి మీద సిమెంటు రేకులు తీసేసి అక్కడా పెంకే నేశారు. ఆ పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, పగలగొడితే లేచే పొడి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, కాబట్టి తడిపి, బోల్టులు విప్పి, ముక్క చేయకుండా నిండు రేకులుగానే దించాలి. వీళ్ళు అలాగే దించారు, అడక్కముందే.

స్తంభాల దగ్గర వడ్రంగి గారి పనికి దండం పెట్టాలి. మండువా అంచున ఒక స్తంభం అడుగు తడికి కుళ్ళిపోయింది. పట్నం వాళ్ళు దాన్ని తీసి ఇనుప పైపు పెట్టి చెక్క తొడుగు వేద్దామన్నారు. ఈయన దూలానికి జాకీలు ఆనించి, కుళ్ళిన మేర మాత్రం కోసేసి, పాత టేకు దుంగ నుంచి అదే మందం ముక్క తీసి, ఏటవాలుగా రెండు చెక్కలూ ఒకదాన్లో ఒకటి కూర్చునేలా అతుకు వేశారు. అడుగున రాతి దిమ్మని కొద్దిగా ఎత్తు పెంచారు, మళ్ళీ నీళ్ళు తగలకుండా. అతుకు కనబడుతుంది, కొత్త ముక్క రంగు కాస్త లేత. దాచడానికి రంగు పుయ్యమంటారా అని అడిగారు, వద్దన్నాను. ఎక్కడ బాగుచేశారో తెలియడంలో నాకు తప్పేమీ కనబడలేదు.

గచ్చు సంగతి త్వరగా చెబుతాను. వసారాలో ఎర్ర గచ్చు, సన్నటి పగుళ్ళున్నాయి. కొత్త ముక్క వేస్తే రంగు కలవదని చెప్పి పగుళ్ళు నింపి, కొబ్బరినూనె గుడ్డతో తుడిచి వదిలేశారు. బాగుంది. అమ్మ జారిపడుతుందేమోనని వంటింట్లో మాత్రం గరుకు తాండూరు బండలు వేయించాం.

కరెంటు పనికి మేమే వేరే ఎలక్ట్రీషియన్‌ని పెట్టుకున్నాం. గోడలకి గాడి కొట్టనివ్వలేదు మేస్త్రి గారు. వైర్లన్నీ దూలాల వెంబడి పైపుల్లో బయటికి కనబడేలాగే నడిపించాం, కొత్త ఎర్తింగ్ గొయ్యి, షాక్ కొడితే వెంటనే ట్రిప్ అయ్యే బ్రేకరు పెట్టించాం. పాత ఇళ్ళలో ఎర్తింగ్ ఉందనుకుంటాం, చూస్తే వైరు ఎప్పుడో తుప్పు పట్టి తెగిపోయి ఉంటుంది, ఖర్చుకి వెనకాడకండి.

మండువా మూయాలా వద్దా అన్నది ఇంట్లో పెద్ద చర్చ. దోమలు, కోతులు, జల్లు కొడితే వసారా తడి, వీటన్నిటితో యాభై ఏళ్ళు వేగింది అమ్మ, నేను పండక్కి వచ్చి వెళ్ళేదాన్ని. కాబట్టి అందం పేరు చెప్పి ఆవిడ మాట కొట్టేయడం న్యాయం కాదు. మేస్త్రి గారు మాత్రం షీటు వేస్తే ఇల్లు ఉడికిపోతుందన్నారు. వేడిగాలి పైకి పోవడానికి ఈ ఇంట్లో ఉన్న దారి అదొక్కటే, దాన్ని మూస్తే పగలంతా ఏసీ వేసుకోవాల్సిందే. చివరికి కప్పు అంచు నుంచి అంచుకి సన్నటి ఇనుప చట్రం, దానికి వల, విప్పి కడుక్కునేలా. గాలీ వానా వస్తాయి, కోతులు రావు. జల్లుకి తడిసే వైపు పాతకాలం వెదురు తడికలు కట్టించుకుంది అమ్మ.

ఇప్పుడు నచ్చనివి. గడువు గురించి ముందు చెప్పిన మాటకీ జరిగినదానికీ పోలికే లేదు. సున్నం మాగడానికీ గోడ ఆరడానికీ పట్టే కాలం నాకు అర్థమైంది, అది నేను ఆలస్యం కింద లెక్కేయను. కానీ మధ్యలో వేరే ఊళ్ళో గుడి పని వచ్చిందని చెప్పకుండా వెళ్ళిపోయి, ఫోన్ ఎత్తకుండా, కప్పు సగం విప్పిన ఇంట్లో పెద్దవాళ్ళని వదిలేయడం మంచిది కాదు. మబ్బు పట్టిన ప్రతిసారీ నాన్న టార్పాలిన్ తాళ్ళు చూసుకుంటూ కూర్చునేవారు. ఈ మాట మేస్త్రి గారి మొహం మీదే చెప్పాను, ఆయన “ఆయ్, నిజమేనండి” అన్నారు కానీ అది జవాబు కాదు.

రెండోది, స్తంభాల ఎనామిల్ తీయడానికి తెచ్చిన కుర్రాళ్ళు పొడి ఎమరీ కాగితంతో రుద్దడం మొదలుపెట్టారు, ఇల్లంతా దుమ్ము. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, మన దేశంలో ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) పరిమితి 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన పొరలన్నీ అనుమానించాల్సినవే. ఆపించి, రంగు కరిగించే మందు పూసి తడిగానే గీకించాం, గీకినదంతా సంచిలో కట్టించాం. చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఈ విషయంలో అసలు రాజీపడకండి. రంగు పోయాక బయటపడ్డ టేకుకి అవిసె నూనె పట్టించారు, అది మాత్రం ఎంత బాగుందో చెప్పలేను.

మూడోది బాత్రూమ్. పాత గోడలకి దూరంగా, పెరటి వసారా చివర్న విడిగా కట్టమన్నది వీళ్ళ సలహానే, మంచి సలహా, తడి పని ఎప్పుడూ సున్నం గోడకి ఆనుకుని ఉండకూడదు. కానీ కట్టడం వీళ్ళకి రాదు. నేల వాలు తలుపు వైపు పెట్టారు, టైల్స్ ఎగుడుదిగుడు, కుళాయి గొట్టం లీకు. చివరికి వేరే ప్లంబర్‌తో సగం పగలగొట్టించి చేయించాం. సున్నం తెలిసినవాళ్ళకి సున్నమే ఇవ్వండి.

డబ్బు విషయానికొస్తే, సున్నం పూత సిమెంటు పూతకి రెండింతల పైమాటే అయింది, అందులో ఎక్కువ భాగం కూలీ. కాగితం మీద అంచనా రాసివ్వరు, నోటిమాటే, కానీ చెప్పిన చదరపు అడుగు రేటు చివరిదాకా మార్చలేదు. అడ్వాన్సు పెద్ద మొత్తం ఇవ్వకుండా కప్పుకి ఇంత, పూతకి ఇంత అని పని అయినకొద్దీ ఇవ్వండి. కప్పు విప్పే ముందే మధ్యలో వేరే పనికి వెళ్ళకూడదని నలుగురి ముందు మాట తీసుకోండి. వాళ్ళు చేసిన పాత పని ఒకటి, కనీసం రెండు వానాకాలాలు చూసినది, వెళ్ళి చూసి గోడ కింది భాగం తట్టి చూడండి. మా ఇంటికి వచ్చి తట్టి చూస్తామన్నా అమ్మకి అభ్యంతరం లేదు, కాఫీ కూడా ఇస్తుంది. కప్పు పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వైశాఖంలోపు మూసేయాలి, గోడలు వేసవికి ఆరాలి, పూత వానలు తగ్గాక పెట్టుకోవాలి. వీధి అరుగు ఇంకా మిగిలే ఉంది, దానికీ ఈయన్నే పిలుస్తున్నాం.